52 అక్షరాల కిటికీ

పైథాన్ రాసేటప్పుడు లైన్ 79 అక్షరాలు దాటనివ్వొద్దని స్టైల్ గైడ్ చెప్తుంది. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు వరసలు ఉండేవి. తర్వాత వచ్చిన టెర్మినళ్ళలో చాలావరకు అదే లెక్క పట్టుకున్నాయి. కానీ ఇళ్ళల్లోకి వచ్చిన తొలి కంప్యూటర్లకి ఆ 80 అందలేదు. యాపిల్ 2లో వరసకి 40 అక్షరాలు, కొమొడోర్ విక్-20లో 22 మాత్రమే. వాటిని మామూలు టీవీకి తగిలించి వాడుకునేవాళ్ళు. అంత సన్నటి అక్షరాలని స్పష్టంగా చూపించడం టీవీ వల్ల అయ్యేది కాదు.

ఈ ఇబ్బందిని ఒక ఉపాయంతో దాటి, చివరికి ఆ 80 దగ్గరే దెబ్బతిన్న మనిషి ఆడమ్ ఆస్బోర్న్.

1939 మార్చి 6న బ్యాంకాక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ ఇంగ్లీషువాడు, తల్లిది పోలండ్. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం తండ్రిని నిర్బంధ శిబిరంలో పెట్టింది. అప్పటికే తల్లీ పిల్లలూ తిరువణ్ణామలై చేరుకున్నారు. యుద్ధం అయ్యాక తండ్రి కూడా వచ్చి కలిశాడు. రమణ మహర్షి జీవితాన్ని ఇంగ్లీషులో రాసింది ఆయనే. మన చలం గారు 1950లో వెళ్ళి స్థిరపడ్డ అరుణాచలం కూడా అదే ఊరు. అంటే కంప్యూటర్ల చరిత్రలో పేరు నిలిచిన ఈ పిల్లాడి చిన్నతనం మన పక్క రాష్ట్రంలో, రమణాశ్రమం నీడలో గడిచింది. కొన్నేళ్ళు కొడైకెనాల్‌లో చదివి, 1950లో ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు.

మన కెమికల్ బ్రాంచ్ వాళ్ళు కాలర్ ఎగరేయొచ్చు, ఆస్బోర్న్ చదివింది కెమికల్ ఇంజనీరింగే! బర్మింగ్‌హామ్‌లో డిగ్రీ, అమెరికాలోని డెలావేర్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ. షెల్ కంపెనీలో ఉద్యోగం. పెద్ద కంపెనీ పద్ధతులు పడక బయటికొచ్చి, చిప్‌లకి మాన్యువళ్ళు రాయడం మొదలుపెట్టాడు. మైక్రోకంప్యూటర్ల మీద తను రాసిన పుస్తకాన్ని తనే అచ్చు వేసుకుని అమ్మాడు. అది బాగా అమ్ముడుపోయి, పుస్తకాల కంపెనీ పెరిగింది. 1979లో దాన్ని మెక్‌గ్రా-హిల్ కొనేసింది. పత్రికల్లో కాలమ్ రాస్తూ కంప్యూటర్ కంపెనీలని నిర్మొహమాటంగా కడిగేసేవాడు కూడా. ఇక చెప్పింది చేసి చూపించడమే మిగిలింది.

లీ ఫెల్సెన్‌స్టైన్ అనే ఇంజనీరుతో కలిసి తయారుచేసిన ఆస్బోర్న్ 1ని, 1981 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో కంప్యూటర్ ప్రదర్శనలో పెట్టాడు. జడ్80 ప్రాసెసర్, 64 కేబీ మెమరీ, రెండు ఫ్లాపీ డ్రైవులు. బరువు దాదాపు 11 కిలోలు. మూత పెట్టి, పిడి పట్టుకుని మోసుకుపోవచ్చు. విమానంలో సీటు కింద పడుతుంది. ధర 1,795 డాలర్లు. వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్, బేసిక్ అన్నీ ఆ ధరలోనే. విడిగా కొంటే ఆ సాఫ్ట్‌వేర్‌కే దాదాపు అంత అయ్యేది. అన్నిట్లో గొప్పగా ఉండక్కర్లేదు, పనికి సరిపోతే చాలు అన్నది ఆస్బోర్న్ సిద్ధాంతం.

స్క్రీన్ మాత్రం 5 అంగుళాలే. అందులో 80 అక్షరాలు ఇరికిస్తే చదవడం కష్టం. అందుకని 52 అక్షరాలు, 24 వరసలతో సరిపెట్టారు. మరి ఉత్తరం వెడల్పు ఎలా చూడాలి? ఇక్కడే ఫెల్సెన్‌స్టైన్ తెలివి చూడాలి. మెమరీలో వరసకి 128 అక్షరాల చొప్పున 32 వరసల పెద్ద పేజీ పెట్టాడు. స్క్రీన్ ఆ పేజీ మీద తిరిగే కిటికీ. కంట్రోల్ పట్టుకుని బాణం మీట నొక్కితే కిటికీ పక్కకి జరుగుతుంది. ఫోన్‌లో సిలబస్ పీడీఎఫ్ పెద్దది చేసి వేలితో అటూ ఇటూ లాగుతాం కదా, అచ్చం అలాగే.

128నే ఎందుకు ఎంచుకున్నారో మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. 128 అంటే రెండుకి ఏడో ఘాతం, 32 అయిదో ఘాతం. మొత్తం 12 బిట్ల అడ్రస్‌లో కింది ఏడు బిట్లు అక్షరం స్థానం, పై అయిదు వరస నంబరు. గుణకారంతో పనే లేదు. మొత్తం పేజీకి 4,096 బైట్లు సరిపోయాయి. కిటికీ జరిపినప్పుడు అక్షరాలని కదపక్కర్లేదు, ఎక్కణ్ణుంచి చూపించాలో ఆ అంకె మారిస్తే చాలు.

జనం ఎగబడి కొన్నారు. ఒక దశలో నెలకి 10,000 దాకా అమ్ముడుపోయాయి. అయితే 1982లో కేప్రో వచ్చింది. అదే 1,795 డాలర్లు, 9 అంగుళాల స్క్రీన్, నిండుగా 80 అక్షరాలు. కిటికీ జరిపే పనే లేదు. ఆస్బోర్న్ కంపెనీ కూడా 80 అక్షరాలు చూపించే అదనపు బోర్డు తెచ్చింది, కానీ 5 అంగుళాల గాజు మీద అవి చీమల బారులే. 1983లో 7 అంగుళాల స్క్రీన్, 80 అక్షరాలతో ఎగ్జిక్యూటివ్ అనే కొత్త మోడల్ ప్రకటించారు. దాని ధర 2,495 డాలర్లు. ఈలోపు ఐబీఎం పీసీకి సరిపడే కాంపాక్ కూడా మార్కెట్లోకి దిగింది. 1983 సెప్టెంబరులో ఆస్బోర్న్ కంపెనీ దివాలా తీసింది.

కొత్త మోడల్ గురించి ముందే చెప్పేసి పాతది అమ్ముడుపోకుండా చేసుకున్నాడని మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఆస్బోర్న్ ఎఫెక్ట్ అని చెప్తారు. అందులో కొంత నిజం ఉంది. కానీ పాత మోడల్‌ని వెనక్కి నెట్టిన కేప్రో అప్పటికే దుకాణాల్లో ఉంది. 52కీ 80కీ మధ్య ఉన్న 28 అక్షరాలు కూడా ఆ పతనంలో భాగమే. సరిపోతుంది అన్న మాట తప్పు కాదు. కాకపోతే ఎంత ఉంటే సరిపోతుందో ఏడాది తిరిగేసరికి మారిపోయింది.

తర్వాత పేపర్‌బ్యాక్ సాఫ్ట్‌వేర్ పెట్టి, ఖరీదైన ప్రోగ్రాముల్లాంటివే చవగ్గా అమ్మాడు. లోటస్ కంపెనీ కేసు వేసి 1990లో గెలిచింది. ఆ తర్వాత ఆరోగ్యం చెడింది, వరసగా పక్షవాతపు దెబ్బలు తగిలాయి. అన్నీ వదిలి చిన్నప్పుడు చదువుకున్న కొడైకెనాల్‌కి, సోదరి దగ్గరికి వచ్చేశాడు. 2003 మార్చి 18న అక్కడే కన్నుమూశాడు. వయసు 64.

ప్రాజెక్టు రివ్యూ ముందు ఇది చాల్లే అని మనమూ అనుకుంటాం. అనుకోవడంలో తప్పులేదు, ఆస్బోర్న్ అలా అనుకునే ఒక కొత్త దారి వేశాడు. ఆ చాలు అన్నది ఎన్నాళ్ళు చాలుతుందో కూడా ఒకసారి చూసుకుంటే మంచిది.