సుఖాన్వేషణను శోధించిన జ్ఞాని బ్లేజ్ పాస్కల్

భోగజీవితమును దూషించిన నీతిబోధకులు ప్రతి యుగమునను కలరు. అయితే సుఖమును వెంబడించువాడు నిజముగా దేనిని వెదకుచున్నాడని అడిగి, ఆ జీవితపు పునాదినే పరీక్షించినవారు అరుదు. ఫ్రాన్సు దేశస్థుడైన బ్లేజ్ పాస్కల్ అట్టివాడు. ఆయన తన యౌవనములో ఆ మార్గమున కొంతదూరము నడచి చూచినవాడు.

పాస్కల్ 1623 జూన్ 19న క్లెర్మాన్ పట్టణమున జన్మించెను. మూడేండ్ల ప్రాయముననే తల్లిని కోల్పోయెను. తండ్రి ఎతియెన్ 1631లో పిల్లలను వెంటబెట్టుకొని పారిస్ నగరమునకు వచ్చి, కుమారునికి తానే విద్య గరపెను. పదునారేండ్ల వయస్సులో శాంకవములను గూర్చి పాస్కల్ రచించిన చిన్న గ్రంథము పండితులను ఆశ్చర్యపరచెను. పన్నుల లెక్కలతో శ్రమపడుచున్న తండ్రికి సహాయముగా 1642లో ఆయన లెక్కలు కట్టు యంత్రమును నిర్మింప మొదలిడెను. అయినను ఆయన దేహము నిత్యము రోగపీడితమై యుండెను.

1651లో తండ్రి గతించెను. మరుసటి సంవత్సరము ప్రియమైన చెల్లెలు జాక్లీన్ పోర్ రాయల్ కన్యాస్త్రీల మఠములో చేరెను. మేధాశ్రమను మాని మనస్సునకు ఉల్లాసము కలిగించుకొనవలెనని వైద్యులు పాస్కల్‌కు సలహా యిచ్చిరి. ఆయన ధనికుల సాంగత్యములోను, జూదమునందు ఆసక్తిగల మిత్రుల మధ్యను కాలము గడుపసాగెను. మధ్యలో నిలిచిపోయిన ఆటలో పందెపు సొమ్మును ఎట్లు పంచుకొనవలెనను ప్రశ్న ఆ సాంగత్యములోనే పుట్టెను. దానిని గూర్చి 1654లో ఆయన ఫెర్మా అను గణితజ్ఞునితో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరములే సంభావ్యతాశాస్త్రమునకు పునాదియాయెను.

అదే సంవత్సరము ఆయన చెల్లెలియొద్దకు పోయి తన దుస్థితిని ఒప్పుకొనెను. లోకవినోదములపై తనకు తీవ్రమైన ఏవగింపు కలిగినదనియు, అయినను దేవునివైపు తనకు ఆకర్షణ లేదనియు తెలిపెను. సుఖము వ్యర్థమని గ్రహించినంత మాత్రమున హృదయము నిండదు. అది ఖాళీయగును, అంతే. 1654 నవంబరు 23 రాత్రి, సుమారు పదిన్నర మొదలు పన్నెండున్నర వరకు, ఆయన దేవుని సన్నిధిని అనుభవించెను. ఆ సంగతి ఎవరికిని చెప్పలేదు.

పిమ్మట క్రైస్తవ విశ్వాసమును సమర్థించు గ్రంథమునకై ఆయన వ్రాసికొనిన తునకలలో సుఖాన్వేషణపై ఆయన వాదములు కనబడును. రోజంతయు కుందేలును తరుము వేటగానికి అదే కుందేలును ఊరకనే ఇచ్చినయెడల వానికి తృప్తి కలుగదు. జూదరికి ఆనాడు గెలువగల సొమ్మును ఉదయముననే ఇచ్చి, ఆడవద్దన్నచో వాడు దుఃఖించును. పందెము లేక ఆడుమన్నచో విసుగుచెందును. కాబట్టి కుందేలైనను సొమ్మైనను వారు నిజముగా కోరినది కాదు. తన్ను తాను మరచుటయే వారి కోరిక. సకలభోగములుగల రాజును వినోదము లేక ఒంటరిగా విడిచినయెడల, రోగమును మరణమును అతని తలంపునకు వచ్చును. మనకు కాలక్షేపము కావలసివచ్చుటయే మన దుస్థితికి సాక్ష్యమని పాస్కల్ వాదించెను.

సుఖమును బయట వెదకుమనువారిని మాత్రమే గాక, తనలోనే వెదకుకొనుమను స్తోయికులను సయితము ఆయన అంగీకరింపలేదు. మనుష్యుని వాంఛకు అంతులేదు గనుక అంతముగల వస్తువేదియు దానిని నింపజాలదనియు, దేవుడొక్కడే దానికి చాలినవాడనియు ఆయన నిశ్చయించెను.

ఈ కొలతకు ఆయన తన విద్యను సయితము అప్పగించెను. గణితము బుద్ధికి శ్రేష్ఠమైన వ్యాయామమే గాని, అది ఒక వృత్తి మాత్రమేయని 1660లో ఫెర్మాకు వ్రాసెను. 1662లో పారిస్‌లో నిర్ణీత మార్గములలో నడచు గుఱ్ఱపుబండ్లను ప్రారంభింపజేసి, తన వంతు రాబడిని బ్లువా ప్రాంతపు పేదలకు పంపగోరెను. తన యింట చేర్చుకొనిన ఒక పేద కుటుంబములోని బిడ్డకు మశూచి సోకగా, వారిని వెళ్లగొట్టక, వ్యాధిగ్రస్థుడైన తానే ఇల్లు విడిచి అక్క యింటికి పోయెను. అక్కడనే 1662 ఆగస్టు 19న, ముప్పదితొమ్మిదేండ్ల వయస్సున, మరణించెను. ఆయన తునకలు 1670లో ‘తలంపులు’ అను అర్థమిచ్చు పేరుతో ప్రచురింపబడెను.

ఆయన మరణానంతరము సేవకుడొకడు ఆయన కోటు అస్తరులో ఏదో దాగియుండుట గమనించి, కుట్టు విప్పెను. ఆ నవంబరు రాత్రి తనకు కలిగిన ఆనందమును పాస్కల్ స్వహస్తముతో వ్రాసికొనిన పత్రము అందులో దొరకెను. దానిని ఆయన ఎనిమిదేండ్లు, వస్త్రము మార్చినప్పుడెల్ల మరల కుట్టుకొని, తన దేహముపై ధరించియుండెను.