శామ్యూల్ ఎస్. డే

శామ్యూల్ ఎస్. డే (1808 - 1871) అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ స్థాపకుడు. కెనడాలో పుట్టి, అమెరికాలో చదువుకొని, 1836లో విశాఖపట్నం చేరి తెలుగువారి మధ్య పని ప్రారంభించాడు. తరువాత ఆయన నెల్లూరులో నెలకొల్పిన మిషన్ పలుమార్లు మూతపడే స్థితికి వచ్చినా నిలిచింది. కోస్తా ఆంధ్రలో బాప్టిస్టు సంఘాల చరిత్ర ఈయనతోనే మొదలవుతుంది.

బాల్యం, విద్య

డే 1808లో నేటి కెనడా దేశపు ఒంటారియో రాష్ట్రంలోని లీడ్స్ కౌంటీలో జన్మించాడు. న్యూయార్క్ రాష్ట్రంలో హామిల్టన్ పట్టణంలోని సాహిత్య, వేదాంత విద్యాలయంలో చదివాడు. ఇదే నేటి కోల్గేట్ విశ్వవిద్యాలయం. ఆయన భార్య రోయెన్నా క్లార్క్. 1835లో పాస్టరుగా అభిషేకం పొందాడు.

తెలుగు మిషన్ ప్రతిపాదన

ఒరిస్సాలో పనిచేస్తున్న ఆంగ్ల బాప్టిస్టు మిషనరీ ఏమస్ సట్టన్ 1835లో అమెరికాలో పర్యటించాడు. తన ప్రాంతానికి దక్షిణాన ఉన్న తెలుగు దేశానికి మిషనరీలను పంపవలసిందిగా అక్కడి బాప్టిస్టులను ఆయన కోరాడు. ఆ కోరికను మన్నించి మిషన్ బోర్డు డేను, ఇ.ఎల్. అబ్బాట్‌ను నియమించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో బోస్టన్ రేవులో లూవ్ర్ అనే ఓడ ఎక్కిన డే దంపతులు 1836 ఫిబ్రవరిలో కలకత్తా చేరారు. సూయజ్ కాలువ లేని ఆ రోజులలో ఆ ప్రయాణానికి నాలుగు నెలలకు పైగా పట్టింది. అబ్బాట్‌ను బర్మాలోని కరెన్ ప్రజల మధ్యకు మార్చడంతో తెలుగు దేశపు భారం డే ఒక్కడిపైన పడింది.

విశాఖపట్నంలో

డే 1836 మార్చిలో విశాఖపట్నం చేరాడు. అప్పటికి అక్కడ నేటి నౌకాశ్రయం గాని, ఉక్కు కర్మాగారం గాని లేవు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. మనుషులనూ సరుకులనూ పడవలలో అలలు దాటించి ఒడ్డుకు చేర్చేవారు.

ఈ పట్టణంలో లండన్ మిషనరీ సొసైటీ 1805 నుండి పనిచేస్తున్నది. ఆ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజస్ సువార్తల తెలుగు అనువాదానికి పూనుకొన్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజస్ 1810లో మరణించారు. డే వచ్చేనాటికి తెలుగు నేర్చుకోదలచిన విదేశీయునికి కొంత ఆధారం ఇక్కడ సిద్ధంగా ఉండినది.

భాష వినబడే చోటనే భాష వస్తుందన్న ఉద్దేశంతో డే శ్రీకాకుళం వెళ్ళి, తెలుగు అభ్యసిస్తూ వీధులలో బోధించాడు. అయితే ఉత్తరాంధ్రలో ఆయన గడిపినది ఒక్క సంవత్సరమే. లండన్ మిషన్ అప్పటికే పాతుకొని ఉండగా తన మిషన్‌కు వేరొక కేంద్రం అవసరమైంది. 1837లో మద్రాసు వెళ్ళాడు.

నెల్లూరు

మద్రాసులో సుమారు మూడేళ్ళు పనిచేసిన తరువాత, తెలుగు మిషన్ తెలుగు మాట్లాడే ప్రాంతంలోనే ఉండాలని నిర్ణయించుకొని, 1840లో డే నెల్లూరుకు మారాడు. స్టీఫెన్ వాన్ హ్యూసెన్ దంపతులు ఆ ఏడే ఆయనతో కలిశారు. ఆ సెప్టెంబరులో పెన్నా నదిలో తొలి తెలుగు వ్యక్తికి బాప్తిస్మం ఇచ్చారు. 1844లో నెల్లూరు సంఘం ఏర్పడింది. అనారోగ్యంతో వాన్ హ్యూసెన్ 1845లో తిరిగి వెళ్ళాడు. తరువాత కొద్ది కాలానికే డే కూడా అదే కారణంగా అమెరికా వెళ్ళవలసి వచ్చింది.

మిషన్ మూసివేత వివాదం

పదేళ్ళ శ్రమకు ఫలితంగా కనిపించినవారు బహు కొద్దిమంది. అదే కాలంలో బర్మాలో వేలమంది క్రైస్తవ మతంలో చేరుతున్నారు. ఉన్న ధనాన్ని, మనుషులను ఫలితమున్న చోటికే పంపాలని కొందరు వాదించారు. 1848లో తెలుగు మిషన్‌ను వదలివేయాలన్న ప్రశ్న వచ్చినపుడు డే దానిని గట్టిగా వ్యతిరేకించాడు. వాదించడంతో ఆగక, కుటుంబాన్ని అమెరికాలోనే విడిచి, లైమన్ జ్యూయెట్ దంపతులతో కలిసి అదే ఏడు ఓడ ఎక్కాడు. వారు 1849లో నెల్లూరు చేరారు.

ఆరోగ్యం మళ్ళీ దెబ్బతినడంతో 1853లో డే భారతదేశాన్ని శాశ్వతంగా విడిచాడు. ఆ ఏడే ఆల్బనీ నగరపు సమావేశంలో మూసివేత ప్రశ్న రెండవసారి వచ్చింది. మిషన్ పటంలో నెల్లూరు ఒక్కటే ఒంటరి నక్షత్రంగా ఉండటాన్ని గురించి శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఒక పద్యం రాశాడు. దానితో ఈ మిషన్‌కు 'ఒంటరి తార' అనే పేరు స్థిరపడింది. 1862లో మూడవసారి ఇదే ప్రశ్న వచ్చినపుడు జ్యూయెట్ పట్టుదల వలన మిషన్ నిలిచింది.

మరణం, అనంతర పరిణామాలు

డే 1871లో న్యూయార్క్ రాష్ట్రంలోని హోమర్‌లో మరణించాడు. జ్యూయెట్ వెంట 1865లో వచ్చిన జాన్ ఇ. క్లౌ మరుసటి ఏడు ఒంగోలు చేరాడు. ఎర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగ కులస్థులలో పెద్ద కదలిక మొదలైంది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా కరువు పనుల కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇది చూడటానికి డే జీవించి లేడు.

డే విడిచి వెళ్ళిన ఉత్తర తీరంలో పని ఆయన పుట్టిన దేశపు బాప్టిస్టులకు దక్కింది. కెనడా మిషనరీలు 1874లో కాకినాడలోను, 1875లో విశాఖపట్నం సమీపంలోని భీమునిపట్నంలోను కేంద్రాలు నెలకొల్పారు. కొద్ది కాలంలోనే శ్రీకాకుళంలో కూడ వారి పని మొదలైంది. ఆ విధంగా డే తెలుగు నేర్చుకొన్న ఊరికి బాప్టిస్టు మిషన్ నాలుగు దశాబ్దాల తరువాత తిరిగి వచ్చింది.