తీసివేయబడిన బహుమానము

అనేక క్రీడలలో ఆరితేరినవారిలో అందరికంటె గొప్పవారెవరు? ఈ ప్రశ్న క్రీడాభిమానుల మధ్య చిరకాలముగా నలుగుచున్నది. ఇంగ్లండు వారు సి. బి. ఫ్రై పేరు చెప్పుదురు. ఆయన క్రికెట్టులోను ఫుట్‌బాలులోను తన దేశము పక్షమున ఆడెను; 1893లో దూరము దూకుటలో ప్రపంచ రికార్డును అందుకొనెను. మరికొందరు బేబ్ డిడ్రిక్‌సన్ అను స్త్రీని పేర్కొందురు. ఆమె 1932 ఒలింపిక్ క్రీడలలో రెండు స్వర్ణ పతకములును ఒక రజత పతకమును పొంది, పిమ్మట గోల్ఫ్ ఆటలో అమెరికా మహిళల ఓపెన్ పోటీని మూడుమారులు గెలిచెను. అయినను ఈ వాదమున తప్పక వినవచ్చు పేరు మరియొకటి కలదు. అది జిమ్ థోర్ప్ పేరు. ఆయన జీవితము మనకు ఆటలకంటె ఎక్కువ సంగతులు బోధించును.

అమెరికా ఆదిమవాసులలో సాక్ అండ్ ఫాక్స్ అను తెగ కలదు. ఆ తెగలో, నేటి ఓక్లహోమా రాష్ట్రమైన ప్రాంతమున, 1887 ప్రాంతములో థోర్ప్ జన్మించెను. తెగవారి భాషలో ఆయనకు పెట్టిన పేరునకు ప్రకాశమానమైన మార్గము అని అర్థము. ఆ బాలుని మార్గము మాత్రము చీకటితోనే మొదలాయెను. తనతో కవలగా పుట్టిన సోదరుడు చిన్ననాడే మరణించెను. పిమ్మట తల్లియు, తండ్రియు గతించిరి.

పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలలో ఆయన చేరెను. ఆదిమవాసుల పిల్లలను వారి భాషనుండియు ఆచారములనుండియు వేరుచేయుటకు ఏర్పడిన వసతి పాఠశాల అది. 1907లో ఒకనాడు కొందరు విద్యార్థులు ఎత్తు దూకుట అభ్యసించుచుండగా, థోర్ప్ ఆ దారిన పోవుచు, పని బట్టలతోనే వారు దాటలేని కమ్మిని దాటెనని చెప్పుదురు. శిక్షకుడైన వార్నర్ ఆయనను జట్టులో చేర్చుకొనెను. 1911లో కార్లైల్ జట్టు సుప్రసిద్ధ హార్వర్డు విశ్వవిద్యాలయమును అమెరికన్ ఫుట్‌బాలులో 18-15 తేడాతో ఓడించినప్పుడు థోర్ప్ ఆటయే ఆ విజయమునకు మూలమాయెను.

1912లో స్వీడన్ దేశపు స్టాక్‌హోమ్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. అయిదు అంశముల పెంటాథ్లాన్‌లో థోర్ప్ నాలుగింట ప్రథముడై నిలిచెను. పది అంశముల డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు సంపాదించి, రెండవవాడైన స్వీడన్ వీరుడు హ్యూగో వీస్లాండర్ కంటె ఇంచుమించు 700 పాయింట్లు ముందుండెను. అమెరికాలోని ఆదిమవాసులందరికి పౌరసత్వము లభించినది 1924లోనే. అట్టి జాతి బిడ్డడు ఆ దేశమునకు రెండు స్వర్ణ పతకములు తెచ్చిపెట్టెను.

ఆ సంతోషము ఎక్కువ కాలము నిలువలేదు. ఒలింపిక్ క్రీడలలో ఆటకు డబ్బు పుచ్చుకొనినవారు పాల్గొనరాదని అప్పటి నియమము. 1909, 1910 సంవత్సరములలో థోర్ప్ ఉత్తర కరోలినాలో స్వల్ప వేతనమునకు బేస్‌బాల్ ఆడియుండెను. అనేక కళాశాలల విద్యార్థులు వేసవిలో మారుపేర్లతో అట్లే ఆడుచుండిరి. థోర్ప్ తన సొంత పేరుతోనే ఆడెను. 1913 జనవరిలో ఈ సంగతి పత్రికలకెక్కగా ఆయన దానిని దాచక ఒప్పుకొని, అది తప్పని తనకు తెలియదని విన్నవించుకొనెను. అభ్యంతరములను క్రీడలు ముగిసిన 30 దినములలోగా తెలుపవలెనని మరియొక నియమముండెను. ఆ గడువు ఏనాడో దాటిపోయెను. అయినను పతకములు తీసికొనబడెను. జాబితాలనుండి ఆయన పేరు కొట్టివేయబడెను. ఒక నియమము ఆయనకు కఠినముగా వర్తించెను. ఆయనను కాపాడవలసిన నియమమును ఎవరును తలంచలేదు.

థోర్ప్ ఆట మానలేదు. అదే సంవత్సరము న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టులో చేరెను. 1920లో, తరువాత నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌గా మారిన సంఘమునకు మొదటి అధ్యక్షుడాయెను. కాని వయస్సు మీరినపుడు కీర్తి కూడు పెట్టలేదు. చేతికి దొరికిన కూలిపని చేసెను. చలనచిత్రములలో చిన్న వేషములు వేసెను. 1950లో క్రీడా విలేఖరులు అర్ధ శతాబ్దపు అత్యుత్తమ క్రీడాకారునిగా ఆయననే ఎన్నుకొనిరి. పతకములు మాత్రము తిరిగి రాలేదు. 1953 మార్చి 28న ఆయన కన్నుమూసెను.

1982లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఆయనను తిరిగి విజేతగా గుర్తించెను. మరుసటి సంవత్సరము ప్రతిరూప పతకములను ఆయన సంతానమునకు అందజేసెను. అయినను ఆయనను ఏకైక విజేతగా గాక, సహవిజేతగానే లెక్కించిరి. సంపూర్ణ న్యాయము 2022 జూలై 15న, అనగా ఆ డెకాథ్లాన్ ముగిసిన నాటినుండి సరిగా 110 సంవత్సరములకు, జరిగెను. ఆ నిర్ణయమునకు ముందు స్వీడన్ ఒలింపిక్ సంఘమును వీస్లాండర్ కుటుంబీకులును సంప్రదింపబడిరి. థోర్ప్ ఒక్కడే నిజమైన విజేతయని వీస్లాండర్ తన జీవితకాలమంతయు నమ్మెననియు, తనకు కేటాయించిన స్వర్ణమును ఎన్నడును అంగీకరింపలేదనియు వారు తెలిపిరి.

ఎవరు అందరికంటె గొప్పవారన్న వాదము ఇంకను సాగుచునే యుండును. యుగములు వేరు, ఆటలు వేరు, కొలతలు వేరు. ఆ తూకము ఎన్నటికిని తేలదు. కాని ఒక సంగతి తేలినది. సంఘములు ఇచ్చిన పతకమును సంఘములే తీసికొనగలవు; మైదానమున నిజముగా జరిగిన కార్యమును ఎవరును తీసికొనలేరు. ఓడినవాడు సహితము ఆ సత్యమును ఒప్పుకొనెను. తనది కాని కిరీటమును తనదనుకొనని వీస్లాండరును కూడ గొప్పవారి వరుసలో చేర్చుట న్యాయము కాదా?