జరిమానా కట్టని కడప మనిషి: కథకుడు, సంపాదకుడు, అనువాదకుడు రా.రా.

పైడిపాలెం అంటే ఇప్పుడు మన జిల్లాలో ఎవరికైనా రిజర్వాయరే గుర్తుకొస్తుంది. సింహాద్రిపురం మండలంలోని ఆ ఊరికి ఇంకో పేరు కూడా ఉంది. 1922 ఫిబ్రవరి 28న రాచమల్లు రామచంద్రారెడ్డి గారు పుట్టింది అక్కడే. తెలుగు సాహిత్యంలో ఆయన్ను పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. రా.రా. అంటే చాలు.

ఆయన కథలు రాసినారు, పత్రిక నడిపినారు, మాస్కోలో కూర్చుని రష్యన్ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చినారు. విమర్శకుడిగా ఎంత పెద్ద కవినైనా వదిలిపెట్టలేదు. కడప జిల్లా నుంచి వచ్చిన రచయితల్లో ఆయనకు ఇప్పటికీ పెద్దపీటే.

ఆయన గురించి ఇప్పుడెందుకంటారా? మన ఇళ్లలో కథలు రాసే పిల్లలు ఎక్కువవుతున్నారు. డిగ్రీ చదివే ఆడపిల్లలు ఫోన్లోనే టైప్ చేసి పంపుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న, దీంతో ఇల్లు గడుస్తుందా అని. నేను చదివింది బీకాం. ఏ విషయమైనా జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క వేసుకుని చూడటం అలవాటు. రా.రా. జీవితాన్ని అట్లా చూస్తే ఆ ప్రశ్నకు చాలా వరకు జవాబు దొరుకుతుంది.

ఇంజనీరు కావలసినోడు

పులివెందులలో స్కూలు చదువు, అనంతపురంలో ఇంటర్ అయినాక 1941లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఆ రోజుల్లో సీమ పల్లె నుంచి వెళ్లిన పిల్లోడికి గిండీలో సీటంటే చిన్న మాట కాదు. చదువు ముగిస్తే సర్కారు కొలువు, జీతం, హోదా అన్నీ వస్తాయి.

1943లో గాంధీజీ పుణేలో బందీగా ఉండి 21 రోజుల నిరాహార దీక్ష చేసినారు. దానికి సానుభూతిగా కాలేజీలో విద్యార్థులు సమ్మె చేసినారు. ముందు నిలబడినవాళ్లలో రా.రా. ఒకరు. అప్పటి కర్నూలు జిల్లా వెలుగోడుకు చెందిన చండ్ర పుల్లారెడ్డి ఇంకొకరు. ఆ చండ్ర పుల్లారెడ్డే తర్వాత కమ్యూనిస్టు ఉద్యమంలో పెద్ద నాయకుడైనారు. కాలేజీ వాళ్లకు జరిమానా వేసింది. కట్టేస్తే చదువు సాగేది. రా.రా. కట్టలేదు, కాలేజీ వదిలేసి బయటికి వచ్చినారు.

లెక్కల పుస్తకంలో ఇది మొదటి పద్దు. జరిమానా చిన్నదే, పోయిన జీతం మాత్రం జీవితమంతటిది. తప్పు చేయలేదని నమ్మినప్పుడు తప్పు ఒప్పుకున్నట్టు డబ్బు కట్టకపోవడం ఆయన పద్ధతి. తర్వాత రాసిన ప్రతి పేజీలోనూ ఆ పద్ధతే కనిపిస్తుంది.

తక్కువ కథలు, పాత కొలత

చదువు పోయినాక చేతిలో మిగిలింది కలం. పత్రికల్లో పని చేసినారు. సవ్యసాచి పేరుతో సొంతంగా పత్రిక కూడా నడిపినారు. అదే కాలంలో కథలు రాసినారు. ఆ కథలు అలసిన గుండెలు అనే పుస్తకంగా వచ్చినాయి. పిల్లల కోసం చంద్రమండలం, శశిరేఖ పేర్లతో చేసిన రచన కూడా ఉంది.

ఆయన కథల సంఖ్య మాత్రం తక్కువ. చాలామంది రచయితలు వారానికి ఒకటి రాసి పంపే కాలం అది. వారపత్రికల్లో సీరియళ్ల జోరు మొదలైంది. పాఠకుడు వచ్చే వారం కోసం కాచుకునేటట్టు రాస్తే పేరూ వస్తుంది, కాస్తో కూస్తో డబ్బూ వస్తుంది. రా.రా. ఆ దారి పట్టలేదు. కథలో మనిషి బతుకు నిజంగా కనిపించాలి, రచయిత ఆ మనిషిని అర్థం చేసుకుని ఉండాలి, పాఠకుడిలో అనుభూతి కలగాలి. ఇది ఆయన పట్టుకున్న కొలత. ఇతరుల కథలను ఆ కొలతతో కొలిచే మనిషి తన కథలను వదిలిపెడతాడా? రాసింది తక్కువ కావడానికి అదీ ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

సంవేదన: సొంత పత్రిక ఖర్చు

1968లో సంవేదన మొదలైంది. మూడు నెలలకోసారి వచ్చే సాహిత్య పత్రిక. తెలుగు పత్రికలన్నీ విజయవాడ, మద్రాసు, హైదరాబాద్ చుట్టూ తిరుగుతున్న రోజుల్లో కడప జిల్లా మనుషులు తెలుగుదేశం మొత్తం చదివే పత్రిక పెట్టినారు.

ఆ రోజుల్లో చిన్న పత్రిక నడపడమంటే ఏందో ఈ తరానికి తెలియకపోవచ్చు. సీసం అక్షరాలు ఒక్కొక్కటి చేత్తో ఏరి పేర్చాలి. ప్రూఫులు రెండు మూడు సార్లు దిద్దాలి. కాగితం డబ్బులు, ప్రెస్ డబ్బులు ముందే కట్టాలి. చందాలు మనియార్డర్లో వస్తాయి, అదీ వస్తే. ఏజెంట్లు కాపీలు తీసుకుంటారు, డబ్బులు మాత్రం బాకీ. అమ్ముడుపోని కాపీలు తిరిగొచ్చి ఇంట్లో చోటు ఆక్రమిస్తాయి. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు సాహిత్య పత్రికతో పనేముంది? జమ పక్కన చందాలు, ఖర్చు పక్కన మిగతా అన్నీ. బీకాం మొదటి ఏడాది పిల్లోడు కూడా చెప్తాడు, ఈ వ్యాపారం నిలవదని.

నిలవలేదు కూడా. సంవేదన కొద్ది సంచికలతోనే ఆగిపోయింది. అయినా తెలుగు సాహిత్య చరిత్ర రాసే ఎవరూ దాన్ని దాటి పోలేరు. కారణం అందులో వచ్చిన విమర్శ. అప్పట్లో దిగంబర కవులు తెలుగు లోకాన్ని అదరగొడుతున్నారు. వాళ్ల కవిత్వంలో కోపం ఉంది, కవిత్వం ఎంత ఉందని రా.రా. నిలదీసినారు. శ్రీశ్రీ మహాప్రస్థానాన్నీ పేరు చూసి కాకుండా పద్యం చూసి తూకం వేసినారు. ఆయన మార్క్సిస్టు. తన పక్షం కవులే కదా అని మెత్తగా రాయలేదు. మనవాడైనా, పరాయివాడైనా తూకం రాయి ఒకటే. క్రూరమైన విమర్శకుడని పేరు పడినా ఆయన పట్టించుకోలేదు.

మన ఉర్దూ పాఠకులకు ఇక్కడ ప్రేమ్‌చంద్ గుర్తుకు రాక మానరు. నవాబ్ రాయ్ పేరుతో ఉర్దూలో మొదలుపెట్టిన మనిషి. 1908లో వచ్చిన సోజె వతన్ కథల పుస్తకాన్ని బ్రిటిష్ సర్కారు జప్తు చేసింది. తర్వాత సర్కారు ఉద్యోగం వదిలేసి, 1923లో బనారస్‌లో సరస్వతి ప్రెస్ పెట్టినారు, 1930లో హంస్ పత్రిక తెచ్చినారు. ఆ ప్రెస్, ఆ పత్రిక ఆయన్ను నష్టాల్లోనే ఉంచినాయి. అప్పులు తీర్చుకోవడానికి 1934లో బొంబాయి సినిమా కంపెనీలో చేరి, ఆ పని పడక వెనక్కి వచ్చేసినారు. 1936లో చనిపోయేనాటికి ఆయన వయసు 56. సొంత గొంతుతో రాయాలనుకున్నోళ్ల లెక్క బనారస్‌లోనైనా కడపలోనైనా ఒకటే మాదిరి ఉంది.

మాస్కోలో తెలుగు బల్ల

డెబ్బైల మొదట్లో రా.రా. మాస్కో వెళ్లినారు. అక్కడి ప్రగతి ప్రచురణాలయంలో తెలుగు అనువాదకుడిగా కొన్నేళ్లు పని చేసినారు. ఎర్రటి ఎండల కడప నుంచి మంచు ఊరికి వెళ్లి, రోజంతా తెలుగు వాక్యాలు చెక్కే ఉద్యోగం. రాజకీయ పుస్తకాలతో పాటు సాహిత్యమూ చేసినారు. చెహోవ్ కథలు ఆయన తెలుగు చేసినవాటిలో ఉన్నాయి.

మన నాన్నల తరం వాళ్లకు సోవియట్ పుస్తకాలు బాగా గుర్తు. గట్టి అట్ట, మంచి కాగితం, బొమ్మలు, ధర మాత్రం కొద్దిగానే. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో దొరికేవి. కొనలేని ఇంటికి కూడా ఏదో ఒకటి చేరేది. దాని వెనుక ఇట్లాంటి అనువాదకుల చేతులున్నాయి.

చెహోవ్ కూడా వైద్యం చదువుకుంటూ ఇంటి ఖర్చుల కోసం చిన్న పత్రికలకు కథలు రాసినాడు. పంక్తికి ఇన్ని కొపెక్కులని లెక్క కట్టి ఇచ్చేవాళ్లు. అలాంటి రచయితను తెలుగు చేసిన రా.రా.కు కూడా అనువాదమే జీతం తెచ్చిన పని. సొంత కథకు వెచ్చించాల్సిన ఏళ్లు ఇతరుల కథలకు పోయినాయి. దీన్ని నష్టమనాలా, లాభమనాలా? తెలుగు కథకుడిగా ఆయనకు నష్టమే. తెలుగు పాఠకులకు మాత్రం లాభం.

ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు

ఆ పనిలో నేర్చుకున్నదంతా అనువాద సమస్యలు అనే పుస్తకంగా వచ్చింది. మాటకు మాట పెట్టడం అనువాదం కాదని, తెలుగు వాక్యానికి తన నడక ఉందని, దాన్ని విరిచి పరాయి భాష నడక తగిలిస్తే చదివేవాడికి ఏమీ ఎక్కదని ఆయన ఉదాహరణలతో వివరించినారు.

ఈ పుస్తకం మనలాంటి కుటుంబాలకు ఇంకా దగ్గర. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, బజార్లో తెలుగు. రోజూ తెలియకుండానే అనువాదం చేస్తుంటాం. ఉర్దూలో కసమ్ తింటారు, తెలుగులో ఒట్టు వేస్తారు. ఉర్దూలో కోపాన్ని తాగేస్తారు, తెలుగులో దిగమింగుతారు. ఇవి నా ఉదాహరణలు. ఉర్దూ వార్తను తెలుగు చేసేటప్పుడు నేనూ మొదట్లో ఇట్లాంటి తప్పులే చేసినాను. ఒక వార్తలో నాయకుడు ప్రమాణం తిన్నాడని రాసి పంపితే, మా డెస్క్‌లో పెద్దాయన రెండు రోజులు నవ్వినారు. తర్వాత ఆయనే రా.రా. పుస్తకం చదవమన్నారు. అప్పటి నుంచి వాక్యం పంపే ముందు ఒకసారి గట్టిగా చదువుకుంటాను. మా వీధిలో ఎవరైనా ఇట్లా మాట్లాడతారా అని చూసుకుంటాను.

అనువాద సమస్యలు పుస్తకానికి 1988 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అదే ఏడాది నవంబర్లో రా.రా. కన్నుమూసినారు. అప్పటికి ఆయన వయసు 66.

చివరి లెక్క

ఇప్పుడు పద్దులన్నీ కలిపి చూద్దాం. ఖర్చు పక్కన ఇంజనీరు ఉద్యోగం, నిలవని పత్రికలు, రాయకుండా మిగిలిపోయిన కథలు, కోపం తెచ్చుకున్న కవులు. జమ పక్కన ఒక కథల పుస్తకం, కొద్ది సంచికల సంవేదన, సారస్వత వివేచన లాంటి విమర్శ గ్రంథం, చెహోవ్ తెలుగు, అనువాద సమస్యలు. ఇంకో పద్దు కూడా ఉంది. కడప జిల్లా నుంచి సొదుం జయరాం, కేతు విశ్వనాథరెడ్డి లాంటి గట్టి కథకులు వచ్చినారు. 1996లో కేతు గారి కథలకు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మంచి కథ ఏదో, కానిది ఏదో మొహమాటం లేకుండా చెప్పే మనిషి పక్కనే ఉంటే ఒక జిల్లా కథకు ఎంత మేలో వేరే చెప్పాలా?

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ల ప్రశ్నకు జవాబు ఇది. కథలతో ఇల్లు గడవడం కష్టం. రా.రా.కూ గడవలేదు, అందుకే పత్రికా పని చేసినారు, అనువాదం చేసినారు. కథ రాసే బిడ్డకు కూడు పెట్టే పని ఒకటి చేతిలో ఉండాల్సిందే. చదువు ఆపొద్దు, ఉద్యోగం వెతుక్కోవాలి. అట్లని ఆ బిడ్డ నోట్‌బుక్ మూయించొద్దు. రాసింది ఎవరైనా నిజాయితీగా చదివి, ఇది బాగుంది, ఇది బాలేదు అని చెప్పే ఏర్పాటు ఇంట్లోనే ఉంటే ఇంకా మంచిది. బాలేదన్నప్పుడు బిడ్డ అలగకుండా మళ్లీ రాస్తే, సగం పని అయినట్టే.