కోనసముద్రం ఉక్కుకు నివాళి

కోనసముద్రం కొలిములు ఏనాడో ఆరిపోయాయి. అవి ఏ రోజు ఆరాయో రాసిపెట్టినవాళ్లు లేరు, దినవారాలు చేసినవాళ్లూ లేరు. ఆలస్యంగానైనా ఆ ఉక్కుకు, దాన్ని పండించిన కమ్మరి చేతులకు ఈ నివాళి.

కోనసముద్రం నిజామాబాద్ జిల్లాలో కమ్మర్‌పల్లి దాపున ఉంది. ఉట్జ్ పేరుతో లోకం మెచ్చిన ఉక్కు మన జిల్లాలోనూ తయారయ్యేది. 1820లలో ఇక్కడికి వచ్చిన సర్వే బృందం వైద్యుడు వాయిసీ ఆ పనితనాన్ని కళ్లారా చూసి రాశాడు. రెండు రకాల ఇనుము కలిపి మట్టి మూసల్లో నింపేవారు. మూతికి మట్టి మెత్తి బొగ్గు బట్టీలో పేర్చి, తిత్తులు ఆగకుండా ఊదేవారు. కరిగిన ఉక్కును తొందరపెట్టకుండా మెల్లగా చల్లారనిచ్చేవారు. ఆ ఓపికే కత్తి అలుగు మీద నీటి అలల్లాంటి గీతలై తేలేది. దానికోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వర్తకులు ఇంతదూరం వచ్చి, ఊళ్లోనే మకాం వేసి కొనుక్కుపోయేవారు. లండన్‌లో మైకేల్ ఫారడే అంతటివాడు దాని గుట్టు కోసం ప్రయోగాలు చేశాడు.

అలుగు మీద గీతలు తేలే ఆయుధం మలేసియా, ఇండోనేసియాల్లోనూ ఉంది, అది క్రిస్ అనే బాకు. ఇనుమును పొరలుపొరలుగా మడిచి సాగదీసి దాని అలుగు మీద గీతలు తేలుస్తారు. జావాలో పెళ్లికొడుకు దాన్ని నడుముకు దోపుకుంటాడు. 2005లో యునెస్కో ఇండోనేసియా క్రిస్‌ను మానవాళి వారసత్వంగా ప్రకటించింది. 2020లో నెదర్లాండ్స్ ప్రభుత్వం తన మ్యూజియంలో ఉన్న దిపొనెగొరో యువరాజు క్రిస్‌ను ఇండోనేసియాకు తిరిగి అప్పగించింది. ఆ బాకు చేరిన గడ్డ మీద అలాంటిది చేయగల కమ్మరులు ఇంకా ఉన్నారు.

మన ఉక్కుతో చేసిన కత్తి రేపు ఏ దేశం నుంచైనా తిరిగొస్తే, దాన్ని చేతిలోకి తీసుకుని ‘ఇది మా తాత పని’ అనగలవాళ్లు ఎవరున్నారు? సీమ ఫ్యాక్టరీల చవక ఉక్కు వచ్చిపడింది, బొగ్గుకు అడవి కరువైంది, కత్తులు కట్టే కాలం పోయింది. నేర్చుకునే కొడుకు లేక విద్య తండ్రితోనే మట్టిలో కలిసింది.

మ్యూజియాల్లో కత్తి కింద రాజు పేరు రాస్తారు. ఉక్కు ఇక్కడిదని తేలిన చోట ఆ పక్కనే కోనసముద్రం పేరూ రాయాలి. పాత బట్టీల చోట మిగిలిన చిట్టెం దిబ్బలను చదును చేయకముందే కాపాడాలి. మన బడిపిల్లలకు వాటిని చూపించి, ఇది మీ ఊళ్ల విద్య అని చెప్పాలి.