ప్రాయోజకులు దొరకని మహా గాయకుడు నాట్ కింగ్ కోల్

అమెరికా సంగీత చరిత్రలో కోట్లాది రికార్డులు అమ్ముడైన గాయకుడాయన. అయినా టెలివిజన్‌లో ఆయన కార్యక్రమానికి డబ్బు పెట్టేందుకు ఒక్క జాతీయ స్థాయి సంస్థ కూడా ముందుకు రాలేదు. శ్వేతజాతి శ్రోతలు ఆయన గొంతును తమ ఇళ్లలోకి ఆహ్వానించారు. ఆ గొంతు గల మనిషి తమ వీధిలో ఇల్లు కొనుక్కుంటే మాత్రం సహించలేకపోయారు. జాజ్ పియానో విద్వాంసునిగా మొదలై, పాప్ సంగీతంలో శిఖరాలను అధిరోహించిన నాట్ కింగ్ కోల్ జీవితమంతా ఈ వైరుధ్యం నడుమే సాగింది.

మత బోధకుని ఇంట

నథానియెల్ ఆడమ్స్ కోల్స్ 1919 మార్చి 17న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో జన్మించారు. ఆయన పసితనంలోనే కుటుంబం షికాగోకు తరలిపోయింది. తండ్రి బాప్టిస్టు మత బోధకుడు. తల్లి పెర్లీనా చర్చిలో ఆర్గన్ వాయించేవారు. కుమారునికి తొలి గురువు ఆమే. ఆ రోజుల్లో షికాగో నగరం జాజ్ సంగీతంతో మార్మోగుతుండేది. పియానో దిగ్గజం ఎర్ల్ హైన్స్ వాయించే క్లబ్బు బయట నిలబడి ఆ బాలుడు సంగీతం వినేవాడు. తండ్రికి ఆ సంగీతం రుచించకపోయినా కుమారుని ఆసక్తి మాత్రం తగ్గలేదు.

1937లో ఒక సంగీత నాటక బృందంతో పర్యటిస్తూ కాలిఫోర్నియా చేరుకున్నారు. లాంగ్‌బీచ్‌లో ఆ నాటకం మూతపడటంతో చేతిలో పని లేకుండా అక్కడే చిక్కుబడిపోయారు. లాస్ ఏంజెలిస్ క్లబ్బుల్లో పియానో వాయిస్తూ పొట్ట పోసుకున్నారు. అప్పుడే గిటారిస్టు ఆస్కార్ మూర్, బాస్ వాద్యకారుడు వెస్లీ ప్రిన్స్‌లతో కలిసి ముగ్గురి బృందాన్ని ఏర్పాటు చేశారు. ఇంటిపేరులో చివరి అక్షరాన్ని వదిలేశారు. పేరు మధ్యలో 'కింగ్' వచ్చి చేరింది. పెద్ద పెద్ద వాద్య బృందాలు రాజ్యమేలుతున్న కాలమది. డ్రమ్స్ లేకుండా పియానో, గిటార్, బాస్‌లతో మాత్రమే సంగీతం వినిపించడం సాహసమే. ఆ బాణీ తరువాతి కాలంలో ఆస్కార్ పీటర్సన్, రే చార్లెస్ వంటి వారికి మార్గం చూపింది. ఆయన గాయకునిగా అంత పేరు గడించకపోయి ఉంటే పియానో విద్వాంసునిగానే చరిత్రకు మిగిలేవారనడంలో అతిశయోక్తి లేదు.

1943లో క్యాపిటల్ రికార్డ్స్ సంస్థకు ఆయన పాడిన తొలి విజయ గీతం 'స్ట్రెయిటెన్ అప్ అండ్ ఫ్లై రైట్'. తండ్రి ప్రసంగాల్లో విన్న కోతి, రాబందు కథే దానికి మూలం. విచిత్రమేమిటంటే, ఆ పాట హక్కులను అంతకుముందే 50 డాలర్లకు అమ్మేసుకున్నారు. 1948లో 'నేచర్ బాయ్', 1950లో 'మోనాలిసా', 1951లో 'అన్‌ఫర్గెటబుల్' వరుసగా వెలువడ్డాయి. 'నేచర్ బాయ్' ఎనిమిది వారాల పాటు అగ్రస్థానంలో నిలిచింది. పియానో పక్కకు జరిగి, గొంతు ముందుకు వచ్చింది. జాజ్ అభిమానులు కొందరు దీన్ని ద్రోహంగా భావించారు. అయితే ఆ గొంతులోని మెత్తదనాన్నీ, ప్రతి మాటనూ స్పష్టంగా పలికే తీరునూ కాదనగలవారు లేకపోయారు.

ఇరుగుపొరుగుల వ్యతిరేకత

1948లో ఆయన మరియా ఎలింగ్టన్‌ను వివాహమాడారు. అదే ఏడాది లాస్ ఏంజెలిస్‌లోని సంపన్నుల ప్రాంతం హాంకాక్ పార్క్‌లో ఇల్లు కొన్నారు. నల్లజాతివారికి ఇళ్లు అమ్మరాదనే ఒప్పందాలను కోర్టుల ద్వారా అమలు చేయించడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు కొద్ది నెలల ముందే తీర్పు చెప్పింది. అయినా స్థానిక యజమానులు సంఘటితమయ్యారు. అవాంఛనీయులు తమ ప్రాంతంలోకి రావడం ఇష్టం లేదని ఆయనకు తెలియజేశారు. తనకూ ఇష్టం లేదని, అలాంటి వారెవరైనా కనిపిస్తే మొదట ఫిర్యాదు చేసేది తానేనని ఆయన బదులిచ్చారు. ఇంటి ముందు పచ్చికపై జాతిదూషణ పదాన్ని కాల్చి రాశారు. పెంపుడు కుక్కకు విషం పెట్టారు. ఆయన ఇల్లు ఖాళీ చేయలేదు.

1956 ఏప్రిల్ 10న సొంత రాష్ట్రం అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో శ్వేతజాతి ప్రేక్షకుల ఎదుట పాడుతుండగా కొందరు దుండగులు వేదికపైకి దూసుకొచ్చి ఆయనను పడగొట్టారు. వీపుకు దెబ్బ తగిలింది. దాడి కన్నా ఎక్కువగా బాధించింది తరువాత వచ్చిన విమర్శ. జాతివారీగా విడదీసిన ప్రేక్షకుల ముందు పాడటానికి అసలు ఎందుకు ఒప్పుకున్నారని నల్లజాతి పత్రికలు నిలదీశాయి. కొన్నిచోట్ల ఆయన రికార్డులను బహిష్కరించారు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. అయితే హోటళ్లపై దావాలు వేసి, పౌరహక్కుల సంస్థలకు విరాళాలిచ్చిన మనిషి మౌనంగా ఉన్నాడనడం కూడా సబబు కాదు. అదే ఏడాది ఆయన ఎన్ఏఏసీపీ శాశ్వత సభ్యులయ్యారు. 

ఏడాది సాగిన పోరాటం

అదే 1956 నవంబర్ 5న ఎన్‌బీసీలో 'నాట్ కింగ్ కోల్ షో' మొదలైంది. మొదట పదిహేను నిమిషాలు, 1957 జులై నుంచి అరగంట. ప్రేక్షకులు ఉన్నారు, పాట ఉంది, ప్రాయోజకుడు లేడు. నల్లజాతి గాయకునితో తమ సరుకు పేరు ముడిపడితే దక్షిణాది కొనుగోలుదారులు దూరమవుతారని వ్యాపార సంస్థలు భయపడ్డాయి. కొన్ని నగరాల్లో స్థానిక ప్రకటనలు మాత్రం వచ్చాయి. మిగిలిన ఖర్చును ఎన్‌బీసీ భరించింది. కార్యక్రమాన్ని నిలబెట్టేందుకు ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్, హ్యారీ బెలఫాంటే, పెగ్గీ లీ వంటి తారలు నామమాత్రపు పారితోషికానికే వచ్చి పాడారు. చివరికి వేరే సమయానికి మార్చుతామన్న ప్రతిపాదనను కోల్ తిరస్కరించి స్వయంగా తప్పుకున్నారు. 1957 డిసెంబర్ 17న ఆఖరి భాగం ప్రసారమైంది. తనను ఓడించింది ప్రేక్షకులు కారని, ప్రకటనల సంస్థలేనని ఆయన చివరివరకూ నమ్మారు.

ఆ మరుసటి ఏడాది స్పానిష్ పాటల సంపుటి తెచ్చారు. ఆ భాష ఆయనకు రాదు. ఉచ్చారణను బట్టీపట్టి పాడారు. 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కు మహమ్మద్ రఫీ తెలుగు పాటలు పాడిన తీరు ఎరిగిన మన శ్రోతలకు ఇది వింత కాదు. లాటిన్ అమెరికాలో ఆ పాటలకు బ్రహ్మరథం పట్టారు.

పొగ తాగితే గొంతుకు గాంభీర్యం వస్తుందని కోల్ నమ్మేవారు. రోజుకు మూడు పెట్టెల సిగరెట్లు కాల్చేవారు. 1964 డిసెంబర్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అప్పటికి కొద్ది రోజుల క్రితమే 'లవ్' పాట ఉన్న చివరి సంపుటి రికార్డింగు ముగించారు. 1965 జనవరిలో ఎడమ ఊపిరితిత్తిని తొలగించారు. ఫిబ్రవరి 1న షికాగోలో తండ్రి కన్నుమూశారు. రెండు వారాలకు, ఫిబ్రవరి 15న శాంటామోనికా ఆస్పత్రిలో నాట్ కింగ్ కోల్ తుదిశ్వాస విడిచారు. వయసు 45 ఏళ్లు.

అప్పటికి పదిహేనేళ్ల ప్రాయంలో ఉన్న కుమార్తె నటాలీ కోల్ తరువాత తానూ గాయనిగా ఎదిగారు. 1991లో తండ్రి పాత రికార్డింగుకు తన గొంతు జోడించి 'అన్‌ఫర్గెటబుల్' పాటను యుగళగీతంగా మలిచారు. ఆ సంపుటికి 1992లో ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం దక్కింది. నటాలీ 2015 డిసెంబర్ 31న మరణించారు.