తోళ్ల వర్తకుడు యర్రగుంట్ల పేరయ్య గారు

తెలుగునాట సువార్త వ్యాపించిన చరిత్ర చెప్పుకునేటప్పుడు మనకు మొదట మిషనెరీ దొరల పేర్లే జ్ఞాపకం వస్తాయి. మెదక్ అనగానే పాస్నెట్ దొరగారు, ఒంగోలు అనగానే క్లౌ దొరగారు. వారి కష్టానికి మనం ఎన్నటికీ ఋణస్థులమే. అయితే దొరగారు రాకమునుపే తమవారికి ప్రభువు పేరు చెప్పిన మన తెలుగువారు కూడా ఉన్నారు. వారిలో ముఖ్యులు యర్రగుంట్ల పేరయ్య గారు. వారు బాప్టిస్టు సంఘస్థులైనా విశ్వాసంలో మనకూ పూర్వికులే గనుక ఈ సంచికలో వారిని స్మరించుకోవడం సముచితమని తలచాము.

పేరయ్య గారిది కనిగిరి ప్రాంతంలోని తాళ్లకొండపాడు. మాదిగ కుటుంబంలో పుట్టి తోళ్ల వర్తకం చేశారు. ఆ రోజుల్లో తోలు పని లేనిదే సేద్యం లేదు. బావిలో నీరు తోడే కపిల బాన, ఎద్దుల వారులు, రైతు కాలి చెప్పులు, అన్నీ మాదిగవారి చేతి పనే. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్లలో ఊరవేసి పదును చేసేవారు. ఊరికి ఇంత అవసరమైన పని చేసిన చేతులకు ఊరి బావి దగ్గర చోటు లేదు. కళ్లంలో రైతు కొలిచే గింజలే వారి జీతం.

వర్తకులు గనుక పేరయ్య గారు దూరపు ఊళ్లు తిరిగేవారు. సత్యం తెలుసుకోవాలని మొదట రాజయోగ మార్గాన్ని సాధన చేశారు. వర్తకం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరులో సి.ఎం.ఎస్. మిషనెరీ అలెగ్జాండర్ గారి బోధ విన్నారు. తోళ్లు కొనబోయినవారు సువార్తను ఇంటికి తెచ్చుకున్నారు. 1866 లో జూయెట్ దొరగారి చేత పేరయ్య గారు, వారి భార్య నాగమ్మ గారు ఇద్దరూ బాప్తిస్మం పొందారు. ఇల్లాలిని వెనుక విడిచి ఒంటరిగా నడిచిన విశ్వాసం కాదు వారిది.

అదే సంవత్సరం సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే దొరగారు తాళ్లకొండపాడు వెళ్లేసరికి, పేరయ్య గారి మాట విని నమ్మినవారు చుట్టుపట్ల పల్లెల నుండి మూటాముల్లెతో వచ్చి కూర్చున్నారు. అయిదు రోజులు కూటాలు జరిగాయి. 28 మంది బాప్తిస్మం పొందారు. పేరయ్య గారు వారందరికీ విశ్వాసంలో తండ్రి అయ్యారు.

ఆ విశ్వాసానికి వెల చెల్లించవలసి వచ్చింది. క్రైస్తవులైన మాదిగలు ఆదివారం పని, జాతరలో డప్పు, చచ్చిన గొడ్డు మాంసం మానుకున్నారు. డప్పు మానితే ఊరి పెద్దలకు కోపం. వారికి కోపం వస్తే గింజలు ఆగిపోతాయి, పని పోతుంది. పల్లెల్లో ఎన్నో కుటుంబాలు ఈ శ్రమను భరించాయి.

1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలాది మందికి కూలి కల్పించారు. కూడు కోసం ఎవరూ మతంలోకి రాకూడదని కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపారు. కరవు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ మహా పంటకు తొలి విత్తనాలు చల్లినవారిలో ఈ తోళ్ల వర్తకుడు ఒకరు.

మన మెదక్ ప్రాంతంలోనూ మొదట ప్రభువును నమ్మినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారే. 1924 లో ప్రతిష్ఠించబడిన మన కథీడ్రల్ గోడల్లో కరవు కూలీల చెమట ఉంది. నేడు వారి మనుమలు, మునిమనుమలు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలలో షిఫ్టులు చేస్తున్నారు, సంగారెడ్డి ఆఫీసుల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. తాత ఏ పని చేసేవాడని పిల్లలు అడిగితే మాట దాటవేయవలసిన అవసరం మనకు లేదు. ఆ పనే పేరయ్య గారిని ఏలూరు దాకా నడిపించింది. పేరయ్య, నాగమ్మ దంపతుల పేర్లు మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలియాలని, ప్రభువు మన చేతిపనులను దీవించాలని కోరుచున్నాము.